కొత్త రన్‌వే దగ్గర సర్క్యూట్‌లో కలిసే ఆ ఐదు నిమిషాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లు విమానం నడపడం నేర్చుకుంటే వాళ్లకి సొంత ఊరి ఎయిర్‌ఫీల్డ్ అంటూ ఏదీ ఉండదు. దగదర్తి విమానాశ్రయం గురించి ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం, విమానం దిగే దశ ఇంకా రాలేదు. దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది గానీ దాన్ని ఎప్పుడో వదిలేశారు. దక్షిణానికి పోతే తిరుపతి, చెన్నై, పడమటికి కడప, ఉత్తరానికి విజయవాడ. కాబట్టి కావలి కుర్రాడైనా ఒంగోలు అమ్మాయైనా శిక్షణకి ఊరు దాటాల్సిందే, కొందరైతే ఏకంగా అమెరికా దాకా వెళ్తున్నారు. వాళ్లకి ప్రతి రన్‌వే పరాయిదే.

పైగా లైసెన్స్ నిబంధనలే పరాయి రన్‌వేల మీదకి పంపిస్తాయి. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ రావాలంటే ఒంటరిగా కనీసం 150 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ, అంటే ఊరు దాటి వెళ్లే దూర ప్రయాణం, చేయాలి, దారిలో రెండు వేరే ఎయిర్‌ఫీల్డుల్లో దిగి పూర్తిగా ఆగాలి. కమర్షియల్ లైసెన్స్‌కి అదే 300 నాటికల్ మైళ్లు. ఇలాంటి ప్రయాణాల్లో విద్యార్థులు ఎక్కువగా భయపడేది ల్యాండింగ్ గురించి. నిజానికి ల్యాండింగ్ ఎక్కడైనా ల్యాండింగే, రన్‌వే ముందు సరిగ్గా నిలబడితే చేతులు వాటి పని అవి చేసుకుంటాయి. చిక్కంతా అంతకు ముందు, సర్క్యూట్‌లో కలిసే ఐదు నిమిషాల్లో ఉంది. రన్‌వే ఎక్కడుందో వెతకాలి, గాలి ఎటుందో తేల్చుకోవాలి, ఎవరెవరు తిరుగుతున్నారో చూడాలి, రేడియోలో మాట్లాడాలి, ఎత్తు తగ్గాలి, వేగం తగ్గాలి, చెక్‌లిస్ట్ చదవాలి. ఇవన్నీ ఒకేసారి మీదపడతాయి.

సర్క్యూట్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెబుతాను. రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రంలా ఒక ఊహా మార్గం, మామూలుగా నేలకి 1,000 అడుగుల ఎత్తున. గాలికి ఎదురుగా లేచి, మొదటి మలుపు తిరిగితే క్రాస్‌విండ్, ఆ తర్వాత రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వచ్చే డౌన్‌విండ్, మళ్లీ మలుపు తిరిగితే బేస్, చివరికి రన్‌వేకి సూటిగా దిగే ఫైనల్. వేరే చెప్పకపోతే మలుపులన్నీ ఎడమవైపే. కెప్టెన్ కూర్చునేది ఎడమ సీట్లో కాబట్టి రన్‌వే ఎడమవైపుంటేనే కళ్లకి కనబడుతుంది. అంతర్జాతీయ నియమం కూడా చిన్నదే: ఎయిర్‌ఫీల్డ్ దగ్గర తిరుగుతున్న మిగతా విమానాల్ని గమనించు, వాళ్ల వరసలో కలువు లేదా వాళ్లకి దూరంగా ఉండు, ఎడమకి తిరుగు, గాలికి ఎదురుగా దిగు.

గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేటప్పుడు గర్భగుడి కుడిచేతి వైపుంటుంది, ఇక్కడ రన్‌వే ఎడమచేతి వైపు. దిక్కు తిరగబడింది గానీ సూత్రం అదే. శ్రీరామనవమి రోజు రద్దీలో వెయ్యిమంది ఒకరినొకరు తొక్కుకోకుండా తిరుగుతున్నారంటే అక్కడెవరో కర్ర పట్టుకుని నిలబడ్డారని కాదు, ముందువాడు ఎటు పోతాడో వెనకవాడికి తెలుసు కాబట్టి. అందులోకి ఒకడు ఎదురు నడిచినా, మధ్యలోంచి అడ్డంగా దూసుకొచ్చినా గొడవ మొదలవుతుంది.

సర్క్యూట్‌లో కలవడం గురించి చెప్పాల్సిన అసలు మాట ఇక్కడే ఉంది. మిగతా పైలట్ల కళ్లు ఎక్కడ వెతుకుతుంటాయో మన విమానం అక్కడ ఉండాలి. ఆకాశం చాలా పెద్దది, ఎవరూ దాన్నంతా చూడరు. బేస్ తిరగబోయేవాడు ఫైనల్ వైపు చూస్తాడు, డౌన్‌విండ్‌లో ఉన్నవాడు తన ముందు ఎవరున్నారో చూస్తాడు, అంతే. వాళ్లు చూడని మూలలోంచి వచ్చినవాడు రేడియోలో ఎంత చక్కగా మాట్లాడినా వాళ్ల లెక్కలో లేనట్టే.

దీనికి తోడు విమానాల నిర్మాణంలోనే గుడ్డి మూలలు ఉన్నాయి. సెస్నా 172 లాంటి వాటికి రెక్క తల మీద ఉంటుంది, కిందకి బ్రహ్మాండంగా కనబడుతుంది, పైకి కనబడదు, ఎడమకి వంగి మలుపు తిరిగేటప్పుడైతే ఆ ఎడమ రెక్కే కిందకి దిగి తిరగబోయే వైపు మొత్తాన్ని కప్పేస్తుంది. పైపర్ చెరోకీ లాంటి వాటికి రెక్క కింద ఉంటుంది, పైన అంతా కనబడుతుంది, కింద ఏముందో తెలియదు. ఇప్పుడు ఫైనల్‌లో చెరోకీ కాస్త పైన, సెస్నా కాస్త కింద ఉన్నాయనుకోండి. ఇద్దరూ ఒకే రన్‌వే అంచు వైపు చూస్తూ దిగుతుంటారు, ఒకరికి ఒకరు అసలు కనబడరు. అందుకే బేస్‌కి తిరిగే ముందు ఒక్క క్షణం తిరగబోయే వైపు రెక్కని పైకెత్తి ఫైనల్ దారంతా ఒకసారి చూసుకోమంటారు. చిన్న పని, ఒక్క సెకను పడుతుంది. కొత్త చోట టెన్షన్‌లో మొదట ఎగిరిపోయేది కూడా ఇదే.

2022 ఆగస్టు 18న అమెరికాలో, కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్ ఎయిర్‌ఫీల్డ్ దగ్గర జరిగింది చూస్తే విషయం అర్థమవుతుంది. అక్కడ విమానాలకి దారి చెప్పే కంట్రోల్ టవర్ లేదు. ఒక చిన్న సెస్నా 152 సర్క్యూట్‌లో తిరుగుతోంది. రెండు ఇంజిన్ల సెస్నా 340 దూరం నుంచి సర్క్యూట్‌లోకి రాకుండా నేరుగా ఫైనల్‌కి వచ్చేసింది, అదీ ఆ దశలో ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ వేగంతో. ఇద్దరూ ఒకే ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతూనే ఉన్నారు, తామెక్కడున్నదీ చెప్పుకుంటూనే ఉన్నారు. రన్‌వేకి కాస్త ముందు ఢీకొన్నారు, ముగ్గురు చనిపోయారు. రేడియోలో మాట్లాడుకుంటే సరిపోతుందనే భరోసా ఎంత పలచనో ఇంతకంటే ఎవరూ చెప్పనక్కర్లేదు. నేరుగా ఫైనల్‌కి రావడం నిషేధమేమీ కాదు, కొన్నిసార్లు అదే మంచిది కూడా. కానీ తెలియని చోట ఒక ప్రైవేట్ పైలట్ అలా వచ్చాడంటే మిగిలేది ఐదారు నిమిషాలు, పోయేది గాలిని చూసే అవకాశం, రన్‌వేని పైనుంచి పరిశీలించే అవకాశం, ఇతర విమానాల్ని లెక్కపెట్టుకునే అవకాశం, మూడూ ఒక్క దెబ్బకి. బేరం గిట్టదు.

సర్క్యూట్‌లోకి కలిసే పద్ధతి దేశానికో రకం. అమెరికాలో ఎక్కువమంది చేసేది డౌన్‌విండ్ మధ్యభాగంలోకి 45 డిగ్రీల కోణంలో, సర్క్యూట్ ఎత్తులోనే వచ్చి కలవడం. రన్‌వేకి అవతలి వైపు నుంచి వస్తుంటే సర్క్యూట్ ఎత్తుకి కనీసం 500 అడుగులు పైన రన్‌వే మధ్యభాగాన్ని దాటి, దూరంగా పోయి, అక్కడ ఎత్తు తగ్గి, మళ్లీ తిరిగి 45 డిగ్రీల్లోకి వస్తారు. బ్రిటన్‌లో ఓవర్‌హెడ్ జాయిన్ అంటారు. ఎయిర్‌ఫీల్డ్‌కి 2,000 అడుగుల ఎత్తున నేరుగా నెత్తి మీదకి వచ్చి, కింద అంతా చూసుకుని, సర్క్యూట్ లేని పక్కన, దాన్ని డెడ్ సైడ్ అంటారు, అక్కడ ఎత్తు తగ్గుతారు. తర్వాత టేకాఫ్ అయ్యే విమానాలు లేచి వెళ్లే చివర మీదుగా సర్క్యూట్ ఎత్తులో అడ్డంగా దాటి డౌన్‌విండ్‌లోకి తిరుగుతారు. ఆ చివర మీదుగానే ఎందుకంటే, లేచిన చిన్న విమానం అక్కడికి వచ్చేసరికి ఇంకా బాగా కిందే ఉంటుంది. రన్‌వే చాలా పొడవుగా ఉండి, లేచేది శక్తివంతమైన విమానమైతే మాత్రం ఆ లెక్క తప్పుతుంది, అది అక్కడికి వచ్చేసరికి వెయ్యి అడుగులు ఎక్కేసి ఉండొచ్చు.

ఈ రెండింటిలో ఏది గొప్పదనే వాదన పైలట్ల మధ్య తెగదు. బ్రిటన్ పద్ధతిని వెక్కిరించేవాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. ఊళ్లో అందరూ ఒకే చోట నెత్తి మీదకి వచ్చి చేరితే అక్కడే రద్దీ, పైగా డెడ్ సైడ్‌లో దిగుతూ తిరుగుతుంటే కింద ఎవరున్నారో కనబడదు. అయినా బొత్తిగా తెలియని చోట, ఆకాశంలో అడ్డంకులు లేకపోతే, ఓవర్‌హెడ్ వైపే మొగ్గాలి. సమయం ఇస్తుంది కాబట్టి. 2,000 అడుగుల మీద ఒక చుట్టు చుట్టేలోపు ఏ రన్‌వే వాడుతున్నారో, ఎన్ని విమానాలున్నాయో, ఎక్కడ పార్క్ చేయాలో, ఫైనల్ కింద కరెంటు లైన్లేమైనా ఉన్నాయో అన్నీ చూసుకోవచ్చు. ఆ దేశంలో, ఆ ఎయిర్‌ఫీల్డ్‌లో అందరూ 45 డిగ్రీల్లో కలుస్తుంటే మాత్రం మనమొక్కళ్లమే ఓవర్‌హెడ్ సిద్ధాంతం పట్టుకుని వేలాడకూడదు. ఎదుటివాళ్లు ఎక్కడ చూస్తారో అక్కడుండాలన్న లెక్కే అన్నిటికంటే పైది.

ఇదంతా కాగితం మీద బాగానే ఉంటుంది, నేల మీద పెట్టి చూస్తేనే తెలుస్తుంది. కావలికీ నెల్లూరుకీ మధ్య, సముద్రానికి కాస్త దూరంలో, తూర్పు పడమరలుగా ఒక రన్‌వే ఉందనుకుందాం, టవర్ లేదు. రన్‌వే నంబర్లు దాని అయస్కాంత దిక్కులో చివరి సున్నా తీసేస్తే వస్తాయి, కాబట్టి ఇది 09, 27. తూర్పుకి దిగితే 09, పడమటికి దిగితే 27. తిరుపతి వైపు నుంచి, అంటే దక్షిణం నుంచి, జూన్ నెలలో ఒక సెస్నా వస్తోంది.

పొద్దున్నే గాలి పడమటి నుంచి, నైరుతి నుంచి వీస్తుంటుంది. 27 వాడతారు. పడమటికి తిరిగి నిలబడితే ఎడమవైపు దక్షిణం, కాబట్టి సర్క్యూట్ అంతా దక్షిణం వైపే నడుస్తుంటుంది. మన సెస్నా సరిగ్గా ఆ సందడిలోకే వచ్చి పడుతుంది. ఓవర్‌హెడ్ జాయిన్ చేయాలంటే 2,000 అడుగుల ఎత్తున డౌన్‌విండ్ వాళ్ల నెత్తి మీదుగా ఉత్తరానికి దాటి, అక్కడ ఎత్తు తగ్గి, రన్‌వే పడమటి చివర మీదుగా దక్షిణానికి వచ్చి, ఎడమకి తిరిగి డౌన్‌విండ్‌లో పడాలి.

అదే విమానం ఆలస్యంగా బయల్దేరి మధ్యాహ్నం చేరిందనుకోండి. ఈలోపు నేల వేడెక్కి సముద్రపు గాలి లోపలికి తోసుకొస్తుంది, తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో. వాడే రన్‌వే 09కి మారిపోతుంది. సర్క్యూట్ ఉత్తరానికి వెళ్లిపోతుంది, పొద్దున సందడిగా ఉన్న దక్షిణం ఇప్పుడు డెడ్ సైడ్. ఎత్తు తగ్గాల్సింది దక్షిణంలో, దాటాల్సింది తూర్పు చివర మీదుగా. పొద్దున ఇంట్లో కూర్చుని 27కి గీసుకున్న బొమ్మ మొత్తం తల్లకిందులు. రెండు మూడు గంటల తేడాలో జరిగేది ఇది, మన కోస్తాలో ఎండాకాలం, వానాకాలం మొదట్లో చాలా రోజులు ఇదే వరస.

అన్నిటికంటే ప్రమాదకరమైనది గాలి మారే ఆ అరగంట. గాలి తేలిపోయి ఎటూ కాకుండా ఉంటుంది, పొద్దున్నుంచి 27 వాడుతున్నవాడు అదే కొనసాగిస్తుంటాడు, కొత్తగా వచ్చినవాడు సముద్రపు గాలి చూసి 09 ఎంచుకుంటాడు. ఇద్దరిదీ తప్పు కాదు, ఇద్దరూ ఎదురెదురు ఫైనల్స్‌లో ఉంటారు. ఇలాంటప్పుడు పుస్తకం ప్రకారం తన రన్‌వేనే సరైనదని పంతం పట్టకుండా, గాలి ఓ నాలుగైదు నాట్ల (గంటకి నాటికల్ మైళ్ల) వేగంతో వెనక నుంచి వీస్తున్నా విమానానికీ రన్‌వే పొడవుకీ సరిపోతుందనుకుంటే, అప్పటికే తిరుగుతున్నవాళ్ల వరసలో కలిసిపోవడం మేలు, లేదంటే రేడియోలో వాళ్లని అడిగి అందరూ కలిసి మారేదాకా దూరంగా తిరుగుతూ ఉండాలి.

గాలి ఎటుందో తెలుసుకోవడానికి విండ్‌సాక్, అంటే స్తంభానికి కట్టిన గుడ్డ గొట్టం, ఉంటుంది, సరే. 2,000 అడుగుల ఎత్తు నుంచి, తెలియని చోట అది ఎక్కడుందో కనిపెట్టేలోపే ఒక చుట్టు అయిపోతుంది. మన జిల్లాల్లో అంతకంటే తేలికైన దారి చెరువులు. గాలి ఏ గట్టు వైపు నుంచి వస్తుందో ఆ గట్టు కింద నీళ్లు కదలకుండా అద్దంలా మెరుస్తుంటాయి, అవతలి గట్టు వైపు పోయేకొద్దీ అలలు ముదురుతాయి. ఆ మెరిసే పట్టీ ఉన్న వైపే గాలి వచ్చే దిక్కు. ఇందులో ఒక మెలిక ఉంది. కోస్తా పొడవునా ఉన్న రొయ్యల గుంటల్ని చూసి గాలి లెక్కపెడితే మోసపోతారు. ఏరేటర్ చక్రాలు తిరుగుతుంటే నీళ్లు వాటి ఇష్టం వచ్చినట్టు నురగలు కడతాయి, గాలికీ ఆ అలలకీ సంబంధం ఉండదు. గుంటలు వదిలేసి పెద్ద చెరువునే చూడాలి, లేదా ఇటుక బట్టీ పొగ. చెరువు దొరికితే అంత నమ్మకమైనది ఇంకోటి లేదు.

దారి పట్టుకోవడం మన కోస్తాలో తేలికే అనిపిస్తుంది. పదహారో నంబరు జాతీయ రహదారి, దాని పక్కనే రైలు పట్టాలు, సముద్రం వైపు బకింగ్‌హామ్ కాలవ, మూడూ దాదాపు ఉత్తర దక్షిణాలుగా పోతుంటాయి, గూడూరు, నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు వాటి వెంట వరసగా వస్తాయి. తేలికతనమే చిక్కు కూడా. ఒక ఊరు ఇంకో ఊరిలా కనబడుతుంది, ప్రతి ఊరికీ ఒక బైపాస్, ఒక ఫ్లైఓవర్, చుట్టూ పొలాలు. కాబట్టి వేరే ఎక్కడా లేని గుర్తులు ఎంచుకోవాలి, కృష్ణపట్నం పోర్టు, పెన్నా నది సముద్రంలో కలిసే చోటు లాంటివి. పులికాట్, నేలపట్టు వైపు చలికాలంలో పెలికాన్లు, ఫ్లెమింగోలు వచ్చి చేరతాయి, ఆ బరువుకి ఒక్క పక్షి తగిలినా అద్దం పగిలిపోతుంది, ఆ వైపు కిందగా పోవడం తెలివైన పని కాదు. శ్రీహరికోట చుట్టూ ఎలాగూ ఆంక్షలున్నాయి, రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో నోటామ్, అంటే పైలట్లకి ముందస్తు ప్రకటన, ఇచ్చి ఇంకా పెద్ద ప్రాంతాన్ని మూసేస్తారు.

రన్‌వే కానిదాన్ని రన్‌వే అనుకుని పొరబడటం కూడా తరచు జరిగేదే. కొరిశపాడు దగ్గర హైవే మీద అత్యవసర ల్యాండింగ్ కోసం కట్టిన నాలుగు కిలోమీటర్ల పైచిలుకు భాగం ఉంది. అక్కడ వైమానిక దళం 2022 డిసెంబరులో, 2024 మార్చిలో విమానాలతో పరీక్షలు చేసింది. పైనుంచి చూస్తే అచ్చం రన్‌వే. అది ప్రైవేట్ పైలట్ కోసం కట్టింది కాదు, దాని మీద లారీలు పోతుంటాయి. దొనకొండ లాంటి పాత రన్‌వేలు ఇంకో రకం వల. వాడుక లేని రన్‌వే మీద తెల్ల రంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేయాలని నియమం, కానీ ఎన్నేళ్లనాటి రంగో, ఉందో వెలిసిందో పైనుంచి తేలదు. గుర్తు లేదు కదా అని దిగేయకుండా, కంపాస్ చూపించే దిక్కు, చార్ట్‌లో ఉన్న రన్‌వే నంబరు కలుస్తున్నాయా లేదా చూసుకుంటే చాలావరకు పొరపాటు అక్కడే బయటపడుతుంది.

ఎత్తు లెక్క ఇంకోటి. సముద్రానికి దగ్గరగా, నేల మట్టం వంద అడుగుల లోపు ఉన్న చోట శిక్షణ పొందినవాళ్లకి ఎత్తు కొలిచే మీటరు, ఆల్టిమీటర్, వెయ్యి చూపిస్తే సర్క్యూట్ అన్న అలవాటు పడిపోతుంది. మన దేశంలో వాడేది సముద్ర మట్టం నుంచి ఎత్తు చూపే క్యూఎన్‌హెచ్ సెట్టింగ్. కడప ఎయిర్‌ఫీల్డ్ నాలుగు వందల అడుగుల పైచిలుకు ఎత్తున ఉంది. అక్కడ మీటరు వెయ్యి చూపిస్తే నేలకి ఆరు వందల అడుగులు కూడా లేనట్టే. బెంగళూరు జక్కూరు దాదాపు మూడు వేల అడుగుల మీద ఉంది, సర్క్యూట్ అంటే మీటరులో నాలుగు వేలు. ఇలాంటి తప్పు అక్కడ వెంటనే తెలిసిపోతుంది, కడపలోనే తెలియదు. నవంబరులో వాయుగుండం పట్టినప్పుడు గాలి పీడనం తగ్గుతుంటుంది, పాత సెట్టింగ్‌తో అటువైపు వెళ్తే మీటరు ఉన్న ఎత్తుకంటే ఎక్కువ చూపిస్తుంది, పీడనం తగ్గిన ఒక్కో హెక్టోపాస్కల్‌కి సుమారు 30 అడుగుల చొప్పున. చేరేముందు కొత్త సెట్టింగ్ అడిగి తీసుకోవడం మర్చిపోతే ఇంత తేడా.

టవర్ ఉన్న చోట ఈ బాధలన్నీ ఉండవని అనుకుంటారు. మన దేశంలో శిక్షణ పొందినవాళ్లకి ఇది ముదిరిన అలవాటు. ఇక్కడ ఫ్లైట్ ప్లాన్ వేయాలి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు, ఎఫ్ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబరు తీసుకోవాలి, దాదాపు ప్రతిచోటా ఎవరో ఒకరు ఎటు రావాలో చెబుతుంటారు. అలా అలవాటైనవాళ్లు అమెరికా వెళ్లి టవర్ లేని చోటికి పోతే ఎవరూ ఏమీ చెప్పకపోయేసరికి చేతులాడవు. అక్కడ ప్రజలు వాడే ఎయిర్‌ఫీల్డులు సుమారు ఐదు వేలుంటే టవర్ ఉన్నవి ఐదు వందల పైచిలుకే. అమెరికాలో నేర్చుకుని వచ్చినవాళ్లకి ఇక్కడ అటునుంచి కష్టం. సొంతంగా నిర్ణయించుకునే అలవాటుతో టవర్ చెప్పకముందే సర్క్యూట్‌లోకి తిరిగేసి మాట పడతారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. టవర్ ఉన్న చాలా ఎయిర్‌ఫీల్డుల చుట్టూ ఉండే క్లాస్ డి ఆకాశంలో కళ్లతో చూసుకుంటూ ఎగిరే రెండు విమానాల మధ్య దూరం పాటించేలా చూడటం కంట్రోలర్ బాధ్యత కాదు, ఫలానా చోట ఫలానా విమానముందని చెప్పడం వరకే ఆయన పని. చూసి తప్పుకోవాల్సింది పైలటే. కుడి డౌన్‌విండ్‌లో కలవమని చెప్తే, అది ఎక్కడో మనసులో బొమ్మ రాకపోయినా సరేనని ఆ మాటే తిరిగి చెప్పేయడం మనవాళ్ల మొహమాటం. అడిగితే తెలియదనుకుంటారేమోనని. అడగాలి. ఈ చోటు కొత్త అని ఒక్క మాట చెప్తే చాలామంది కంట్రోలర్లు నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా దారి చెప్తారు. అమెరికాలో విద్యార్థి అయితే ఆ మాట కాల్‌లోనే చెప్పుకోమంటారు. యాస గురించి బెంగ అక్కర్లేదు, గబగబా మాట్లాడితేనే ఎవరికీ అర్థం కాదు. టవర్ లేని చోట ఎయిర్‌ఫీల్డ్ పేరు మాట మొదట్లో ఒకసారి, చివర ఒకసారి చెప్పడం ఆచారం, ఎందుకంటే చుట్టుపక్కల నాలుగైదు ఎయిర్‌ఫీల్డులు ఒకే ఫ్రీక్వెన్సీ పంచుకుంటుంటాయి, పేరు వినబడకపోతే మొత్తం కాల్ వృథా. రేడియో చచ్చిపోయి టవర్ ఉన్న చోటికి వస్తే టవర్ నుంచి చూపే లైట్లు చూసుకోవాలి. ఆగని పచ్చ లైటు దిగమని, ఆగని ఎర్ర లైటు దారిచ్చి తిరుగుతూ ఉండమని.

బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగే మలుపు గురించి వేరే చెప్పాలి, ప్రాణాలు పోయే చోట్లలో అదొకటి. పైన అనుకున్న 27 రన్‌వేనే తీసుకోండి. సర్క్యూట్ దక్షిణాన, బేస్ ఉత్తరానికి పోతుంది, గాలి నైరుతి నుంచి. అంటే బేస్‌లో గాలి వెనక నుంచి తోస్తుంటుంది. అలవాటైన చోట ఎప్పుడు తిరగాలో కంటికి తెలుసు, చెట్టో గుడో ఏదో ఒక గుర్తుంటుంది. కొత్త చోట ఆ గుర్తులు లేవు, తిరిగేసరికి రన్‌వే గీత దాటిపోయి ఉంటుంది. అప్పుడు చేయి ఆటోమేటిక్‌గా ఇంకా వంచుతుంది, కాలు మలుపు లోపలి వైపు రడ్డర్ పెడల్ తొక్కుతుంది. ఎత్తు కోల్పోకుండా 30 డిగ్రీల వంపులో తిరిగితే స్టాల్ వేగం, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోయే వేగం, 7 శాతం పెరుగుతుంది, 45 డిగ్రీల్లో 19 శాతం, 60 డిగ్రీలకి పోతే 41 శాతం, రెక్కల మీద బరువు రెట్టింపు. ఐదారు వందల అడుగుల్లో స్పిన్ పట్టుకుని విమానం గిర్రున తిరుగుతూ పడిపోతుంటే బయటపడటానికి నేల చాలదు. దాటిపోతే దాటిపోనీ, వంపు 30 డిగ్రీలు మించకుండా రెక్కలు సరిచేసి గో అరౌండ్, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకెక్కడం, చేసేయడమే, మళ్లీ తిరిగి రావచ్చు. రన్‌వే వెడల్పు కూడా కంటిని మోసం చేస్తుంది. అలవాటైన దానికంటే సన్నని రన్‌వే అయితే మనం పైన ఉన్నట్టు అనిపించి కిందకి దిగిపోతాం, వెడల్పైనది అయితే కింద ఉన్నట్టు అనిపించి పైనే ఉండిపోతాం. మే నెలలో 42 డిగ్రీల ఎండలో గో అరౌండ్ చేస్తే విమానం డిసెంబరులో ఎక్కినట్టు ఎక్కదు, ఆ నిర్ణయం కాస్త ముందే తీసుకోవాలి.

ఈ పని సగం ఇంటి దగ్గరే అయిపోవాలి. ఎయిర్‌ఫీల్డుల వివరాలుండే అధికారిక పుస్తకం ఏఐపీలో ఆ ఎయిర్‌ఫీల్డ్ పేజీ, ఆ రోజు నోటామ్‌లు, ఒక తెల్ల కాగితం, పెన్సిల్. రన్‌వే గీసి, వచ్చే దిక్కుకి బాణం వేసి, రెండు చివరలకీ రెండు సర్క్యూట్లు గీసి, దేనికి ఎటు దిగాలో, మీటరులో ఎంత అంకె కనబడాలో పక్కన రాసుకుంటే పది నిమిషాల పని. ఫోన్ యాప్‌లో మ్యాప్ ఉందిగా అంటారు. ఉంది, సర్క్యూట్ దగ్గర తల దించి దాన్ని చూస్తూ కూర్చునేవాళ్లూ ఉన్నారు. చుట్టుపక్కల విమానాల్ని చూపించే పరికరాలు మంచివే, సిగ్నల్ పంపని విమానం మాత్రం అందులో ఉండదు.

దగ్గరికి వచ్చాక బొమ్మ కుదరకపోతే, గాలి అర్థం కాకపోతే, ఫ్రీక్వెన్సీలో రెండు గొంతులు ఒకేసారి వినబడి తల తిరిగితే సర్క్యూట్‌కి నాలుగైదు మైళ్ల దూరం పోయి, ఒక చెరువు ఎంచుకుని దాని చుట్టూ రెండు చుట్లు తిరిగి మళ్లీ మొదటి నుంచి రావాలి. సెస్నా 172 గంటకి ముప్పై లీటర్ల పైచిలుకు తాగుతుంది, ఇంకో ఆరు నిమిషాలు తిరిగితే మూడు, మూడున్నర లీటర్లు. అమెరికాలో పగటిపూట ఇలాంటి ప్రయాణానికి చట్టం అడిగే రిజర్వ్, అంటే అదనంగా ఉంచుకోవాల్సిన ఇంధనం, 30 నిమిషాలకే. తెలియని చోటికి పోయేవాళ్లు గంటకి తక్కువ కాకుండా పెట్టుకుంటే ఈ చుట్లు తిరగడానికి మనసొప్పుతుంది, లేదంటే గేజ్ చూసి తొందరపడి నేరుగా ఫైనల్‌కి వెళ్లిపోతారు.

పొద్దు సంగతీ అంతే. మన దేశంలో కళ్లతో చూసుకుంటూ ఎగిరే విమానాలు, క్లబ్బుల లోకల్ ఫ్లయింగ్ లాంటి మినహాయింపులు వదిలేస్తే, సూర్యాస్తమయం లోపు దిగిపోవాలి, మన వైపు డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. నాలుగున్నరకి కొత్త చోటు నుంచి ఇంకో కొత్త చోటికి బయల్దేరినవాళ్లకి ఓవర్‌హెడ్‌లో ఒక చుట్టు చుట్టే ఓపిక ఉండదు, పడమటికి దిగాల్సి వస్తే ఎండ సరిగ్గా కళ్లలోకే కొడుతుంది, ఫైనల్‌లో ముందున్న విమానం కూడా కనబడదు. ఇలాంటి రోజు మూడు గంటలకి బయల్దేరాలి, అది కుదరకపోతే అక్కడే లాడ్జిలో గది తీసుకుని పొద్దున్నే పోవాలి.